వేలికి ముప్పై వేలు: ఒక సామిల్లు కార్మికుడి నష్టపరిహారం కేసు

రెండు వేళ్లు పోయాయి, వేలికి ముప్పై వేలు, మొత్తం అరవై వేలు. ఊరి పెద్దలు అరుగు మీద కూర్చుని తేల్చిన లెక్క ఇది. దాన్ని పట్టుకుని ఆ మనిషి పది నెలలు బతికాడు. కార్మిక చట్టాల కేసులు చూసే న్యాయవాదిగా ఇలాంటి లెక్కలు చాలా విన్నాను. ఈ కేసులో మాత్రం ప్రతి మలుపులో ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. వాటిలో కొన్ని నేనే తప్పు తీసుకున్నాను. అందుకే రాస్తున్నాను. మనిషిని, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం శివారున ఉన్న సామిల్లు. కరెంటుతో నడిచే బ్యాండ్ సా మిషన్ ఒకటి, పక్కనే అదే కుటుంబానికి చెందిన కలప డిపో. మన మనిషి పదకొండేళ్లుగా మిషన్ మీద పనిచేస్తున్నాడు. దుంగను బల్ల మీదికి ఎక్కించి, రెండు చేతులతో నెడుతూ బ్లేడుకు అందించడం అతని పని. నియామక పత్రం లేదు, హాజరు పుస్తకం లేదు. శనివారం సాయంత్రం వారం కూలి చేతికొచ్చేది. చివరి రెండేళ్లలో మాత్రం ఓనరు గారబ్బాయి ఫోన్‌పేలో వేసేవాడు. ఈ చిన్న విషయం తర్వాత చాలా పనికొచ్చింది.

2021 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పెద్ద వేప దుంగ కోస్తుంటే అది బల్ల మీద దొర్లింది. కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు మొదలంటా తెగిపోయాయి. మధ్యవేలు తెగలేదు కానీ నరం తెగింది. కుట్లు వేసి నిలబెట్టారు, అది మళ్లీ వంగలేదు. అప్పటికి అతనికి 38 ఏళ్లు.

ప్రైవేటు ఆసుపత్రి బిల్లు ఓనరే కట్టాడు. నాలుగు నెలల తర్వాత పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, అరవై వేలు ఇచ్చి, స్టాంపు కాగితం మీద "ఇక నాకు ఏ హక్కూ లేదు" అని రాయించుకున్నాడు. కింద సంతకం చోట ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. అతనికి సంతకం వచ్చు. సంతకం చేసే చెయ్యే లేకపోయింది.

నా దగ్గరికి వచ్చినప్పుడు

2022 ఏప్రిల్లో బావమరిది వెంటబెట్టుకొచ్చాడు. అడిగింది నష్టపరిహారం గురించి కాదు. "సార్, మా బావకి పెన్షన్ వస్తుందేమో చూడండి" అన్నాడు. చేతిలో వైకల్యం ఎంతో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది, 32 శాతం అని. పెన్షన్‌కు 40 శాతం కావాలట, ఆ ఎనిమిది శాతం ఎలా పెంచుకోవాలన్నదే వాళ్ల టెన్షన్.

నేను మొదట చూసింది ప్రమాదం తేదీ. ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923 కింద క్లెయిమ్ వేయడానికి ప్రమాదం నుంచి రెండేళ్ల గడువు. తగిన కారణం చూపిస్తే, ఈ క్లెయిములు విచారించే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. కానీ ఆ మన్నింపు కోసం ఇంకో యుద్ధం చేయాలి. ఇక్కడ పది నెలలు మిగిలి ఉన్నాయి. అది ఊరట.

తర్వాత ఆ స్టాంపు కాగితం. వాళ్లు భయపడుతున్నది దానికే. సెక్షన్ 17 ప్రకారం ఈ చట్టం ఇచ్చే పరిహారం హక్కును వదులుకుంటూ కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదు. పరిహారం మొత్తాన్ని ఇద్దరూ మాట్లాడుకుని ఖాయం చేసుకుంటే ఆ ఒప్పందాన్ని యజమాని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే పూర్తి పరిహారం కట్టాల్సిందే. పైగా ఇచ్చినదాంట్లో సగానికి మించి మినహాయించుకోకూడదని సెక్షన్ 29 చెబుతుంది, కమిషనర్ వేరేగా ఆదేశిస్తే తప్ప. ఈ రెండో సంగతి చాలామంది వకీళ్లకే గుర్తుండదు. వాళ్లను బెదిరించడానికి రాయించుకున్న కాగితం మా చేతికే సాక్ష్యంగా వచ్చింది. ఒప్పందంలో మొదటి వాక్యం: "మా మిల్లులో పనిచేస్తుండగా ప్రమాదవశాత్తు..."

ఏ దారిలో వెళ్లాలి

అప్పటికే ఎవరో పోలీసు కేసు పెట్టమన్నారు, ఇంకెవరో సివిల్ దావా వేయమన్నారు. సివిల్ కోర్టులో యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. కమిషనర్ దగ్గర ఆ అవసరం లేదు. పని వల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు. రెండు చోట్లా వేయడానికి చట్టం ఒప్పుకోదు. ఇక్కడ పెద్దగా ఆలోచించలేదు.

ఆలోచించింది ఈఎస్ఐ గురించి, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా గురించి. మిల్లు ఈఎస్ఐ పరిధిలోకి వస్తే కమిషనర్ దారి మూసుకుపోతుంది, రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీకి, నెల జీతం 21,000 దాటని వాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. చాలామంది ఈఎస్ఐ అంటే తక్కువ డబ్బు అనుకుంటారు. లెక్క వేసి చూస్తే అలా ఉండదు. శాశ్వత వైకల్యానికి అక్కడ ఒకేసారి డబ్బు ఇచ్చే బదులు, రోజువారీ సగటు వేతనంలో 90 శాతాన్ని ఆధారం చేసుకుని, సంపాదన శక్తి ఎంత పోయిందో అంత శాతం జీవితాంతం ఇస్తారు. అతని కూలి రుజువైతే, తెగిన రెండు వేళ్లకు చట్టం లెక్కగట్టే 44 శాతం నష్టానికి (ఆ అంకె సంగతి కింద చెప్తాను) నా చేతి లెక్కలో నెలకు ఏడెనిమిది వేలు వచ్చేది. 38 ఏళ్ల మనిషికి అది చిన్న మొత్తం కాదు.

అందుకని ముందు మనుషుల్ని లెక్కపెట్టాను. మిల్లులో ఆరుగురు. డిపో దగ్గర కనిపించే మిగతా ఆరుగురు హమాలీలు. వాళ్లకు కూలి ఇచ్చేది కలప కొన్నవాళ్లు, లారీవాళ్లు. మిల్లుకు ఈఎస్ఐ కోడ్ నంబరు లేదు. ఆరుగురితో ఈఎస్ఐ వర్తించదు. కమిషనర్ దారే సరైనదని తేల్చుకున్నాను.

ఇంత ఆలోచించి కూడా తప్పు చేశాను. వాళ్లకు పంపిన నోటీసులో వ్యాపారం పెద్దదని చూపించాలన్న ఉత్సాహంతో "పన్నెండు మందికి పైగా పనిచేసే మిల్లు" అని రాసేశాను. కౌంటర్‌లో, అంటే మా క్లెయిమ్‌కు ఇచ్చిన రాతపూర్వక జవాబులో, అవతలి వకీలు దాన్నే పట్టుకున్నాడు: పన్నెండు మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది, ఈ కమిషనర్‌కు విచారించే అధికారం లేదు. హమాలీలు ఎవరి మనుషులో చెప్పడానికి మూడు వాయిదాలు, ఒక లారీ యజమాని సాక్ష్యం ఖర్చయ్యాయి. నా నోటీసులో ఒక అంకె వల్ల ఆ ఇంటికి ఆరు నెలలు ఆలస్యం.

రుజువుల వెతుకులాట

మా ఉమ్మడి రాష్ట్రం నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం కార్మిక శాఖ అధికారులే ఈ కేసుల్లో కమిషనర్లు. 2022 జూన్‌లో అతను నివాసముండే ప్రాంతంలోని కార్యాలయంలోనే అప్లికేషన్ వేశాం. కార్మికుడు ఉంటున్న చోట వేసుకునే వీలు చట్టంలో ఉంది.

కౌంటర్‌లో మూడు వాదనలు వచ్చాయి. అతను మా ఉద్యోగి కాడు, అప్పుడప్పుడు వచ్చే కూలి. దెబ్బ మిల్లులో తగల్లేదు, ఇంట్లో కట్టెలు కొట్టుకుంటుంటే తగిలింది. ఒకవేళ మిల్లులో తగిలిందన్నా అప్పుడతను తాగి ఉన్నాడు. ఈ మూడూ ఒకే కౌంటర్‌లో, ఒకదాని కింద ఒకటి. నవ్వొచ్చింది గానీ రెండోదానికి వాళ్ల దగ్గర కాగితం ఉంది. ప్రైవేటు ఆసుపత్రి కేస్ షీట్‌లో "ఇంటి వద్ద కట్టెలు కొడుతుండగా గాయం" అని రాసి ఉంది. పోలీసులకు కబురు వెళ్లకుండా ఉండాలని చేర్చినప్పుడు ఓనరు వైపు మనిషి అలా చెప్పాడు. అతను అప్పుడు స్పృహలో ఉన్నాడు కానీ చెయ్యి చూసుకుని ఏడుస్తున్నాడు. ఎవరు ఏం రాయించారో అతనికి పట్టలేదు.

నేను మొదట తోటి కార్మికుడి మీద ఆశ పెట్టుకున్నాను. పక్కనే ఉండి దుంగ పట్టుకున్న మనిషి అతను. "వచ్చి చెప్తానండి" అన్నాడు. వాయిదా రోజున వచ్చి, నేను టీ తాగడానికి వెళ్లాను, చూడలేదు అన్నాడు. అతను ఇప్పటికీ అదే మిల్లులో పనిచేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. అతన్ని తప్పుపట్టలేను. అదే యజమాని దగ్గర జీతం తీసుకుంటున్న మనిషిని ఏకైక ప్రత్యక్ష సాక్షిగా నమ్ముకోవడం నా తప్పు.

దారి చూపించింది అతని భార్య. మాటల్లో, "నూట ఎనిమిది వచ్చేసరికి నేను కూడా మిల్లుకి చేరాను" అంది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. 108 అంబులెన్స్ ఎక్కడి నుంచి ఎవర్ని ఎక్కించుకుందో, ఎప్పుడు ఎక్కడ దించిందో రికార్డు ఉంటుంది. అది అతన్ని ముందు ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ కట్టు కట్టాక ఓనరు కారులో ప్రైవేటు ఆసుపత్రికి మార్చాడు. కమిషనర్‌కు పత్రాలు, సాక్షుల్ని రప్పించే విషయంలో సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉంటాయి. రెండు రికార్డులూ రప్పించమని అర్జీ పెట్టాం. అంబులెన్స్ రికార్డులో ఎక్కించుకున్న చోటు సామిల్లు. ఏరియా ఆసుపత్రి యాక్సిడెంట్ రిజిస్టర్‌లో "రంపపు మిషన్‌లో చెయ్యి పడి" అని డ్యూటీ డాక్టర్ చేతిరాత. ప్రైవేటు కేస్ షీట్ కంటే అది రెండు గంటలు ముందుది.

తాగి ఉన్నాడన్న వాదనను తేలిగ్గా తీసుకోలేదు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం అయితే తాగుడు వాదన యజమానికి పనికిరాదు. పాక్షిక వైకల్యమైతే పనికొస్తుంది. మేం 100 శాతం అడుగుతున్నాం గానీ అది నిలబడుతుందన్న ధీమా నాకు లేదు. కాబట్టి ఈ వాదనను విడిగా ఓడించాలి. తాగి ఉన్నాడంటే సరిపోదు, ప్రమాదం నేరుగా దానివల్లే జరిగిందని యజమాని చూపించాలి. ఏరియా ఆసుపత్రి రిజిస్టర్‌లో మద్యం వాసన ప్రస్తావనే లేదు. ఇంకోవైపు బ్లేడుకు గార్డు లేదని, వెడల్పు దుంగలు పట్టవని ఓనరే తీయించాడని పాత కార్మికుడొకడు చెప్పాడు. కార్మికుడు కావాలని గార్డు తీస్తే అది యజమానికి ఇంకో తప్పించుకునే దారి అయ్యేది. ఆ వాదన వాళ్లు ఎత్తకముందే మూసేశాం.

జీతం దగ్గర వాళ్లు నెలకు 10,000 అన్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పిస్తే దాదాపు ప్రతి శనివారం 4,200 జమ. ఏడాదికి 52 వారాలు, పన్నెండుతో భాగిస్తే నెలకు 18,200. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం 15,000. అందుకని పైన మిగిలిన 3,200 గురించి వాదన పెట్టుకోలేదు.

వయసు దగ్గర చిన్న చిక్కు. ఆధార్‌లో 41, పదో తరగతి సర్టిఫికెట్‌లో 38. చట్టం నాలుగో షెడ్యూలులో వయసును బట్టి ఒక అంకె ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. 38కి 189.56, 41కి 181.37. బడి సర్టిఫికెట్‌నే ఆధారంగా తీసుకున్నారు.

శాతం ఎంత

అసలు కేసు ఇక్కడుంది. సదరం సర్టిఫికెట్‌లోని 32 శాతాన్ని అవతలివాళ్లే ఫైల్ చేశారు, పరిహారం అంతకు మించకూడదని. సదరం చెప్పేది ఒంట్లో ఎంత లోపం ఏర్పడిందో. ఈ చట్టం అడిగేది సంపాదన శక్తి ఎంత పోయిందో. ఒకే చెయ్యి, రెండు వేర్వేరు ప్రశ్నలు. గుమాస్తాకు, రంపం మిషన్ మీద మనిషికి ఒకే వేలు పోతే మొదటి ప్రశ్నకు జవాబు ఒకటే, రెండోదానికి కాదు.

మొదటి షెడ్యూలులో పూర్తి బొటనవేలికి 30 శాతం, పూర్తి చూపుడు వేలికి 14 శాతం. ఒకే ప్రమాదంలో ఒకటికంటే ఎక్కువ గాయాలైతే కలపమంటుంది చట్టం. 44 ఖాయం. వంగని మధ్యవేలు షెడ్యూలులో లేని గాయం. అలాంటిదానికి సంపాదన శక్తి నష్టాన్ని డాక్టర్ అంచనా వేయాలి, షెడ్యూలులోని శాతాలను దృష్టిలో పెట్టుకుని. కాబట్టి డాక్టర్‌ను సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకోమనకుండా సాక్షిగా పిలిపించాం. ఆయనకు ముందుగా ఆ పని ఎలా చేస్తారో వీడియో చూపించాను: దుంగను బొటనవేలికి, వేళ్లకు మధ్య బిగించి పట్టుకుని నెట్టడం. మొత్తం మీద 70 శాతం అన్నారాయన.

మేం 100 అడిగాం. సుప్రీంకోర్టు 1975 డిసెంబర్‌లో ఒక వడ్రంగి కేసులో, ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేసిన మనిషి ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని చెప్పింది. మా మనిషి వడ్రంగి కాకపోయినా పనిలో పోలిక ఉంది. అయితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడిగాడు. "కొబ్బరికాయల కొట్టు దగ్గర లెక్క రాస్తున్నానండి, ఎడం చేత్తో. ఆరు వేలిస్తారు" అన్నాడు. నేను చెప్పకూడదని చెప్పలేదు, చెప్పి ఉండేవాణ్ని కూడా కాదు. ప్రమాదం నాటికి చేయగల అన్ని పనులూ చేయలేకపోతేనే పూర్తి వైకల్యం అని చట్టం నిర్వచనం. లెక్క రాయడం అతనికి అప్పుడూ వచ్చు. 100 అక్కడితో పోయింది. అదే ఆరు వేలు మాకు ఇంకోలా పనికొచ్చింది. 18,200 సంపాదించే మనిషి 6,000 దగ్గర ఆగాడంటే మూడింట రెండు వంతులు పోయినట్టే కదా అని వాదించాం.

కమిషనర్ 60 శాతం ఖాయం చేశారు.

అవార్డు, వసూలు

చట్టం లెక్క జీతంలో 60 శాతంతో మొదలవుతుంది, ఇది కమిషనర్ తేల్చిన 60 కాదు. 15,000లో 60 శాతం అంటే 9,000. దాన్ని 189.56తో గుణిస్తే 17,06,040. పూర్తి వైకల్యమైతే ఇచ్చేది అంత. అందులో 60 శాతం 10,23,624. అరవై వేలలో సగం, 30,000 తీసేస్తే 9,93,624. ఆసుపత్రికి కట్టిన బిల్లును ఇందులోంచి మినహాయించమని ఓనరు అడిగాడు, కుదరలేదు. వైద్యం ఖర్చు యజమాని విడిగా భరించాల్సిందే. తర్వాత అతను సొంతంగా పెట్టుకున్న ఖర్చులో బిల్లులున్న 31,000 కూడా ఇచ్చారు. బిల్లుల్లేని ఫిజియోథెరపీ డబ్బు పోయింది.

ఒక నెలలోగా పరిహారం కట్టకపోతే 12 శాతం సాధారణ వడ్డీ. ప్రమాదం జరిగిన ఒక నెల తర్వాత నుంచి వేశారు. ప్రమాదం రోజు నుంచే రావాలని వాదించే వీలుంది. ఒక నెల వడ్డీ కోసం పైకి వెళ్లదలచుకోలేదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్న కేసులో అవార్డు, అంటే కమిషనర్ తీర్పు, 2023 నవంబరులో వచ్చింది.

కారణం లేకుండా ఆలస్యం చేసినందుకు పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు, యజమానికి ముందు షోకాజ్ నోటీసు ఇచ్చి. ఇక్కడ ఓనరు వైపు నుంచి కబురొచ్చింది: జరిమానా కోసం పట్టుబట్టకపోతే హైకోర్టుకు వెళ్లకుండా డబ్బు కడతామని. హైకోర్టుకు వెళ్లాలంటే ముందు అవార్డు మొత్తం డిపాజిట్ చేయాలి, పైగా చట్టపరమైన గట్టి ప్రశ్న ఉంటేనే అప్పీలు నిలుస్తుంది. అంటే మా చెయ్యి పైనే ఉంది. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా రెవెన్యూ వాళ్లతో వసూలు చేయించవచ్చు. నేను పట్టుబడదామన్నాను. అతను, "ఇంకా ఎన్నాళ్లండి? పెద్దపాప ఇంటరుకొచ్చింది" అన్నాడు. అతని డబ్బు, అతని నిర్ణయం. 2024 మార్చిలో వడ్డీ 3,57,000 పైచిలుకు కలిపి మొత్తం కమిషనర్ దగ్గర డిపాజిట్ అయింది. నా మాట వింటే జరిమానాగా ఇంకో లక్షో రెండు లక్షలో వచ్చేవని ఇప్పటికీ అనిపిస్తుంది. రెండేళ్లు హైకోర్టులో నలిగేదేమో కూడా.

ఈ కేసు తర్వాత ఏం మార్చుకున్నాను

నా ఆఫీసులో కొత్త క్లయింటుకు వేసే మొదటి ప్రశ్న మారింది. "ఏం జరిగింది" కంటే ముందు, "108 వచ్చిందా, మొదట ఏ ఆసుపత్రి గడప తొక్కారు, అక్కడ ఎవరు ఏం చెప్పి రాయించారు" అని అడుగుతున్నాను. ఇంటివాళ్లందర్నీ అడుగుతున్నాను, ముఖ్యంగా ఆడవాళ్లను. మగవాళ్లు డబ్బు, సంతకాలు గుర్తుంచుకుంటే, ఎవరు ఎప్పుడు వచ్చారో వాళ్లకు గుర్తుంటుంది.

నోటీసులో అంకె వేసే ముందు ఆ అంకె అవతలివాడి చేతిలో ఏమవుతుందో చూసుకుంటున్నాను. తోటి కార్మికుడిని సాక్షిగా పిలవాలంటే అతను ఇంకా ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో ముందు తెలుసుకుంటున్నాను. డాక్టర్‌కు పని చూపించకుండా శాతం అడగడం మానేశాను.

సదరం సర్టిఫికెట్‌ను పెన్షన్ ఫైల్లోనే ఉంచమంటున్నాను. పెన్షన్ కోసం 32ను 40 చేయించుకోవాలని తిరిగిన మనిషికి 60 శాతం పరిహారం వచ్చింది. ఆ పెన్షన్ అయితే ఇప్పటికీ రాలేదు, 32 అలాగే ఉంది.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. 1923 చట్టం స్థానంలో ఇప్పుడు దాని ఏడో అధ్యాయం ఉంది. చాలావరకు పాత సరుకే, సెక్షన్ నంబర్లు మారాయి. ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు జరిగే ప్రమాదాన్ని కూడా పనితో ముడి ఉందని తేలితే కలిపారు. ఉద్యోగంలో చేరినప్పుడే పరిహారం హక్కు గురించి కార్మికుడికి తెలిసే భాషలో రాసివ్వాలన్న బాధ్యత యజమాని మీద 2017 నుంచే ఉంది. ఇవ్వకపోతే పాత చట్టంలో 50,000 నుంచి లక్ష దాకా జరిమానా ఉండేది. ఇన్నేళ్లలో అలాంటి కాగితం పట్టుకొచ్చిన కార్మికుడు నాకు ఒక్కడూ తగల్లేదు.

డబ్బు ఖాతాలో పడే ముందు కమిషనర్ ఆఫీసులో రసీదు మీద సంతకం పెట్టమన్నారు. గుమాస్తా అలవాటుగా ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు. అతను పెన్ను అడిగి ఎడం చేత్తో పేరు రాశాడు. రాయడానికి కాస్త సేపు పట్టింది.